సంఘానికి అద్దాల బోర్డు వచ్చిన ఏడు

మా మనుమరాలు ఒక సర్కారు ఆఫీసుల పనిచేస్తది. మొన్న ఇంటికొచ్చి చెప్పులు ఇడువకముందే మొదలువెట్టింది.

"అమ్మమ్మా, మా ఆఫీసు వెబ్‌సైటుకు కొత్త పద్ధతి తెచ్చిర్రు. ఒక్క ముక్క అందుల ఎక్కియ్యాల్నంటే ఒకరు రాయాలె, ఒకరు దిద్దాలె, ఇంకొకరు సరే అనాలె, మరొకరు పెట్టాలె. ఎక్కిచ్చేటందుకు నలుగురున్నరు. పాతది తీసేటందుకు ఒక్కరు లేరు. పోయినేటి నోటీసు ఇంకా గట్లనే ఉన్నది."

నాకు నవ్వాగలేదు. "ఏందే, నేను పరేషాన్ల ఉంటె నీకు నవ్వొస్తాందా?" అన్నది. "లే బిడ్డా, మా సంఘంల గూడ గిదే కత. అప్పుడు కంప్యూటర్ లేకుండె, గంతే తేడా" అన్న. ఆ పిల్లకు చెప్పిన ముచ్చటనే ఇక్కడ రాస్తున్న. నేను సదివింది మూడో తరగతి. రాత వంకరున్నా యాది మాత్రం వంకర లేదు.

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో. వరంగల్ల మా వాడల ఇంటింటికి మగ్గం ఉండేది. నేతపనోళ్ల సహకార సంఘం ఆఫీసు మా ఇంటికి నాలుగిండ్ల అవతల. రెండర్రలు, ఎనుక గోడౌను, ముందట రోడ్డు దిక్కు ఒక తెల్లసున్నం గోడ. సంఘం నూలు తెప్పిచ్చి మాకిచ్చేది, మేం నేసిన బట్ట తీసుకునేది. నూలు ఎప్పుడొస్తదో దేవునికెరుక. వచ్చిననాడు అందుకోకపోతే మగ్గం ఖాళీ, మగ్గం ఖాళీ అయితే పొయ్యి ఖాళీ. అందుకని వాడందరికీ ఒకటే ఫికర్: నూలొచ్చిందా, ఏ రంగొచ్చింది?

ఆ సంఘంల ఊడ్చుడు, నీళ్లు పట్టుడు, నూలు కబురు చెప్పుడు నా పని. నాకంటె ముందు మా అత్త చేసింది. ఆమెకు ఒక్క అచ్చరం రాదు, వాడల సగం మందికి గూడ రాదు. అందుకని ఆమె ఆ తెల్లగోడకు మనిషెత్తున ఒక ఇనుప మొల కొట్టిచ్చింది. తెల్లనూలొస్తే ఆ మొలకు తెల్లదారం, ఎర్రనూలొస్తే ఎర్రదారం. నేసిన బట్ట తీసుకునేనాడు ఒక బట్టపేలిక. ఏం లేకపోతే వట్టి మొల. మనిషి ఆఫీసుదాక వచ్చే పనే లేదు. సైకిల్ మీద పోతా పోతా తల తిప్పితే చాలు, అరుగు మీద కూసున్న ముసలిది కండ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటె చాలు.

పని నాకు అప్పజెప్పేటప్పుడు మా అత్త రెండే మాటలు చెప్పింది. "కండ్ల సూడంది మొలకు కట్టకు. అయిపోయినంక మొలకు ఉంచకు." అంతే మా ట్రైనింగు.

ఇగ కొత్త మేనేజర్ వచ్చిండు. పిలగాడు మంచోడే, నా తమ్మునంత వయసు, పట్నంల ట్రైనింగయి వచ్చిండు. ఇస్త్రీ చొక్కా, జేబుల రెండు పెన్నులు. సంకల ఒక ఫైలు. ఆ ఫైలుల ఒక పద్ధతి ఉన్నది. పద్ధతి ప్రకారం ప్రతి సంఘానికి అద్దాల నోటీసు బోర్డు ఉండాలె, కబురేదైనా అందులనుంచే పోవాలె.

మా ప్రెసిడెంటు ఆ కాయితం మొత్తం సదువనే లేదు. అవతలి వాడ సంఘమోళ్లు అప్పటికే ఒక బోర్డు తెచ్చుకున్నరు, దానికి పైన ట్యూబులైటు గూడ ఉన్నది. ప్రెసిడెంటు రెండుసార్లు పోయి దాని ముంగట నిలవడి చూసొచ్చిండు. "మనది దానికంటె మూరెడు పెద్దగుండాలె" అన్నడు. దాంట్ల ఏం పెడ్తమని ఎవరూ అడుగలె. సంఘం మీటింగుల మూడు గంటలు మాట్లాడింది ట్యూబులైటు ఒకటా రెండా అనే. రెండని తేలింది.

టేకు చెక్కతోటి బోర్డు వచ్చింది. రెండు అద్దాల రెక్కలు, నడుమ ఇత్తడి తాళం. ఎంత పెద్దదంటే ఆఫీసుల ఏ గోడకూ పట్టలె, ఆ తెల్లగోడ తప్ప. వడ్లాయన వచ్చి మా అత్త కొట్టిచ్చిన మొలను పట్టకారుతోటి పీకి నా చేతుల పెట్టిండు. సున్నం పెచ్చుతోని సహా వచ్చింది.

ఆనాడే మేనేజర్ నన్ను పిలిచి చెప్పిండు. చెప్పలేక చెప్పలేక చెప్పిండు, పాపం. "చూడమ్మా, మూడు నెలలు బోర్డు నడిపి చూస్తాం. బాగా నడిస్తే కబురు చెప్పే మనిషి అవసరం లేదని కాగితంలో ఉంది. ఊడవడానికి చౌకీదారు ఉన్నాడు కదా. నీ పోస్టు తీసేయాల్సి వస్తుంది. నా చేతిలో ఏమీ లేదు."

"ఈ మూడు నెలలు నేనేం చెయ్యాలె సార్?"

"అద్దం తుడువమ్మా."

పొద్దుగూకి ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పిన. ఆయన మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొని, నాడె ఇసురుడు ఆపకుండనే అన్నడు, "అంటే నీ కొలువు తీసేసే బోర్డును నువ్వే రోజు తుడువాల్నన్నట్టు."

"అవు."

"జర మంచిగ తుడువు. మరకలుంటె మన ఇజ్జత్ పోతది."

ఆయన ముచ్చట గంతే. మనిషికి దుఃఖమొచ్చినా ఆ నోట్లెకెల్లి ఎకసెక్కమే వచ్చేది.

మా గుమాస్త సంగతి చెప్పాలె. పెద్దమనిషి, ముత్యాలసొంటి రాత, నన్ను చెల్లె అంటడు. బోర్డు పద్ధతి ఆయనే నాకు వేళ్లు మడిచి వివరం చెప్పిండు. "ముందుగాల నేను చిత్తుప్రతి రాస్త. మేనేజర్ దిద్దుతడు. ఆయన దిద్దింది నేను మళ్ల రాస్త. చౌరస్తల టైపు నేర్పే కాడికి పోయి టైపు కొట్టిచ్చుకొస్త. మేనేజర్ సంతకం, ప్రెసిడెంటు సంతకం. మొహరు. నంబరు. అప్పుడు ప్రెసిడెంటు దగ్గర తాళంచెవి తీసుకొని బోర్డుల పెడ్తం."

"మరి నూలు?"

"నూలు సంగతి పద్ధతిల లేదు చెల్లె."

బోర్డు మొదలువెట్టిననాడు జరిగింది చెప్తే మా మనుమరాలు మంచంల పడి నవ్వింది. నాకు మాత్రం ఇప్పటికీ సగం నవ్వు, సగం సిగ్గు.

పొద్దుగాల్నే మేనేజర్ బంతిపూల దండలు తెప్పిచ్చిండు. బోర్డు పెద్దది, పూలు సాలలె. అటు చూసిండు, ఇటు చూసిండు, గోడౌన్ల మూలకు పడున్న ముక్కల దారాలు కండ్లవడ్డయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. "భలే ఉంటుందమ్మా, మన నేతపనికి గుర్తుగా ఉంటుంది. చుట్టూ కట్టు" అన్నడు.

నేను ఆ దారాలు చేతుల పట్టుకొని నిలవడ్డ. ఒక్క మాట అంటే అయిపోతుండె. ‘సార్, ఈ గోడకు దారం కడితే నూలొచ్చినట్టు’ అంటే అయిపోతుండె. నోటి దాక వచ్చింది. మళ్ల మనసుల అనుకున్న, ‘బోర్డు తెలివికల్లది గద, దానికే తెల్వనీ.’ నోరు మూసుకొని నాలుగు రంగులు చుట్టూ కట్టిన. కుచ్చులు గూడ పెట్టిన.

గడియ గడవలె. ముందుగాల ఇద్దరొచ్చిర్రు, సంచులు పట్టుకొని. ఎనుక పదిమంది. తర్వాత వాడ వాడంత. సైకిళ్లకు తాళ్లు కట్టుకొని వచ్చినోళ్లు, సంకల పిల్లలతోటి వచ్చినోళ్లు, చేతులకు ఇంక గంజి ఆరనోళ్లు. నాలుగు రంగులు ఒక్కపారే వచ్చుడు ఏనాడన్న చూసిర్రా మావోళ్లు?

ప్రెసిడెంటు ఆ జనాన్ని చూసి ఉబ్బిపోయిండు. "చూసినవా మేనేజరూ, బోర్డంటే జనానికి ఎంత ఆశ!" అని కుర్చీ ఎక్కి ఉపన్యాసం మొదలువెట్టిండు. కొత్త కాలం అన్నడు, అద్దంసొంటి పాలన అన్నడు. నూలు ముచ్చట తర్వాత వస్తదేమోనని జనం ఓపికగ విన్నరు. రెండుసార్లు సప్పట్లు గూడ కొట్టిర్రు. రెండు ట్యూబులైట్లు పట్టపగలే ఎలిగిచ్చిర్రు. ఆయన కుర్చీ దిగినంక అందరి ముందలికెల్లి ఆఫీసు ఎదురింటి ముసలవ్వ వచ్చింది. పద్దెనిమిది మూరల చీర ఏకబిగిన నేసే మనిషి, ఎవ్వలికీ జంకది.

"అంత మంచిగనే ఉన్నది పటేలా. నూలేది?"

"నూలెక్కడిదవ్వా? ఇయ్యాల బోర్డు పండుగ."

"నాలుగు రంగులు కట్టిర్రు, ఒక్క రంగన్న లేదా?"

"అవి అలంకారం కోసం" అన్నడు మేనేజర్.

"అలంకారానికి పూలు కడ్తరు బిడ్డా. దారం ఎవ్వలన్న కడ్తరా?" అన్నది అవ్వ. జనమంత ఘొల్లుమన్నరు. మళ్ల తిట్టుకుంట, నవ్వుకుంట, ఖాళీ సంచులు దులుపుకుంట పోయిర్రు. నేను గూడ కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన, అబద్ధమెందుకు.

ఆ నవ్వు కొద్దిసేపే. జనం పోయినా అవ్వ బోర్డు కింద గద్దె మీద కూసుండి లేవలె. పోయి పక్కకు కూసున్న.

"ఏమైందవ్వా?"

"పొద్దుగాల్నే సావుకారి మనిషి తువ్వాలలకు తెల్లనూలు తెచ్చిండే. ఇక్కడ రంగులు కనవడ్డయి. మన సంఘం చీరలు నేసుకుంటగని నీ తువ్వాలలెవలకు కావాలె పో అని మొఖం మీదనే అన్న. ఇగ వాడు ఇయ్యడు. మగ్గం కట్టేసి కూసునుడే. నువ్వు కట్టిన దారమని నమ్మిన బిడ్డా."

బోర్డు కట్టిందని అనలె. నువ్వు కట్టినవని అన్నది.

ఇంటికి పోయి మా ఆయనతోటి అంత చెప్పుకున్న. నాకు తెలిసే కట్టిన అని గూడ చెప్పిన. ఆయన నాడె పక్కకు పెట్టిండు. లేచి దూలానికి వేలాడే మా తెల్లనూలు లడీలు సగం దించిండు. "నువ్వు దారం కడితివి, నేను జుర్మానా కట్టాల్నాయె" అని సంచిల పెట్టి అవ్వ ఇంటికి తీసుకపోయిండు.

తెల్లారి పొద్దున మేనేజర్ దగ్గరికి పోయి నిజం చెప్పిన. మా అత్త మొల కాన్నుంచి మొదలువెట్టి, ఏ దారం ఏందో అంత చెప్పిన. ఆయన పెన్ను మూత తీసి రాసుకున్నడు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే బోర్డు మంచిగ నడుస్తది సార్. బోర్డు నడిస్తే నేను ఇంటికి పోత గద."

ఆయన తలకాయ వంచుకున్నడు. కోపానికొస్తడేమో అనుకున్న. పెన్ను మూత పెట్టుకుంట, "ఈ సంగతి మా ట్రైనింగులో చెప్పలేదు" అన్నడు, తనలో తాననుకున్నట్టు.

బోర్డుకు మంచిగుణాలు లేవని నేననను. పాతరోజుల్ల కాయితం అతికిస్తే మేకలు తినేటియి, ఇప్పుడు అద్దం మీద మూతులు రుద్ది పోతున్నయి. గుమాస్త బామ్మర్దికి అందరికంటె ముందు కబురు తెలిసేది, అది బందయింది. మాట రాతల పడితే ఎనుకకు పోదు, అదీ నిజమే. గని ఆ ఎనుకకు పోకుండుడే దానికి రోగమైంది.

రెండో నెలల పట్నంకెల్లి ఉత్తరం వచ్చింది, ఎర్రనూలు బేళ్లు పంపినమని. గుమాస్త రాసిండు, మేనేజర్ దిద్దిండు, టైపయింది, రెండు సంతకాలు, మొహరు, నంబరు. బోర్డుల ఎక్కింది: ఎర్రనూలు వచ్చియున్నది. కాయితం వచ్చింది గని బేళ్లు రాలె. అవి రైలు గూడ్సు షెడ్డుల ఏ బస్తాల కిందనో పడున్నయి. జనం వచ్చిర్రు, పోయిర్రు. మళ్ల వచ్చిర్రు. అందరి ముందట మేనేజర్ మొఖం ఎర్రనూలోలె అయింది.

"ఆ కాయితం తీసెయ్యుండ్రి సార్" అన్న.

"తాళంచెవి ప్రెసిడెంటు గారి దగ్గరుంది."

"ప్రెసిడెంటు?"

"తొర్రూరు అంగడికి వెళ్లారు."

ఆయన తొర్రూరు పోయి, అక్కన్నుంచి అక్కన్నే పాలకుర్తి గుట్టకు మొక్కు తీర్చవోయిండట, తాళంచెవి అంగీ జేబులనే ఉన్నది. మూడొద్దులు మా బోర్డు రెండు ట్యూబులైట్ల ఎలుగుల, నేను అద్దం లెక్క తుడిచిన అద్దం ఎనుకల నిలవడి, వాడంతకూ అబద్ధం చెప్పింది. ఎంత మంచిగ తుడిస్తే అబద్ధం అంత మంచిగ కనవడ్డది. ప్రెసిడెంటు వచ్చినంక ఆ కాయితం తీద్దమంటే గుమాస్త పద్ధతి తీసి చూసిండు. పెట్టుడెట్లనో రాసున్నది, తీసుడెట్లనో రాసిలేదు. తీసేటందుకు గూడ ఒక చిత్తుప్రతి రాయాల్నా అని ఆయన అడుగుతాంటే మేనేజర్ తల పట్టుకున్నడు.

అప్పటికే వాడల ఎవ్వలూ బోర్డు దిక్కు చూసుడు మానేసిర్రు. నేను నీళ్లకు పోతే బావికాడ, కూరగాయలకు పోతే అంగడికాడ ఆపి అడుగుతాండ్రు, "వదినా, నిజంగ వచ్చిందా?" నేను తల అడ్డంగ ఊపితే ఇంటికి, నిలువుగ ఊపితే సంచి. మొల పోయింది, నేనే మొలనైన.

మూడు నెలలు నిండినయి. సంఘం మీటింగుల నా పోస్టు ముచ్చట పెట్టిర్రు. నేను చాయ్ కప్పులు పట్టుకొని దర్వాజ ఎనుక నిలవడ్డ. చేతుల సాసర్లు గలగలమంటానయి. మేనేజర్ ఫైలు ఇప్పి సదివిండు. బోర్డు చాల మంచిగ నడుస్తాంది అని మొదలువెట్టిండు. ఇగ నా పని అయిపోయిందనుకున్న. ఆఫీసరన్నంక అట్లనే చెప్పాలె, తెచ్చిన బోర్డు నడువలేదని ఎవ్వలన్న రాసుకుంటరా? అయితే అని ఒక మాట అన్నడు. నోటీసులకు నంబరేసే పుస్తకంల ఇంకో గడి పెంచాలె. సరుకు కండ్లార చూసిన మనిషి ఆ గడిల సంతకం పెట్టాలె, అది లేంది బోర్డుల ఏదీ ఎక్కద్దు. సరుకు అయిపోయిననాడు తీసేసే బాధ్యత గూడ ఆ మనిషిదే, రెండో తాళంచెవి ఆ మనిషికాడనే ఉండాలె. బోర్డు పక్కన గుర్తుకు రంగుదారం కట్టాలె.

"ఆ మనిషి ఎవరు?" అని ప్రెసిడెంటు అడిగిండు.

గుమాస్త దర్వాజ దిక్కు తిరిగి, "చెల్లె, చాయ్ తే. సాసర్లు పగులుతయి" అన్నడు.

మా అత్త రెండు మాటలనే మేనేజర్ ఇంత పెద్దగ చేసి, నంబరేసి, పద్ధతిల కలిపిండు. పై ఆఫీసుకు గూడ రాసి పంపిండట. అక్కడోళ్లు అది ట్రైనింగుల నేర్చిందే అనుకున్నరేమో, మంచిదన్నరు.

వడ్లాయన మళ్ల వచ్చిండు. దాచిపెట్టిన మా అత్త మొలనే ఇచ్చిన. టేకు చెక్కకు ఆ తుప్పు మొల కొడ్తాంటే ప్రెసిడెంటు మొఖం పక్కకు తిప్పుకున్నడు, తన తొడల దిగుతాన్నట్టు.

మొదటి సంతకం నాడు గూడ లొల్లి అయింది. ఎర్రనూలు బేళ్లు ఆఖరికి గోడౌన్ల దిగినయి. నోటీసు తయారు. అందరి సంతకాలు అయినయి. పుస్తకం నా ముంగట పెట్టిర్రు. రాత్రంత పలక మీద నా పేరు దిద్దుకున్న, చెయ్యి ఉరుకులాడుతాంది. అయినా పెన్ను పట్టలె.

"బేలు ఇప్పుండ్రి" అన్న.

"మీద చీటీ ఉన్నది గద, ఎర్రదని" అన్నడు ప్రెసిడెంటు.

"చీటీ జూసి మీరు పెట్టిర్రు పటేలా. నేను నూలు జూసి పెడ్త."

"నేను ప్రెసిడెంటును, నా సంతకం మీద నమ్మకం లేదా?"

"మీ సంతకం మీద ఉన్నది. బేలు మీదనే లేదు."

మేనేజర్ కిటికీ దిక్కు తిరిగిండు, నవ్వు కనవడకుండ. చౌకీదారు కొడవలి తెచ్చి గోనెపట్ట చర్రున కోసిండు. అందరం ఒంగి చూసినం. ఎర్రనూలే. చీటీ మీద ఎట్లున్నదో అట్లనే, పోచ తేడా లేదు.

"చూసినవా?" అన్నడు ప్రెసిడెంటు, మీసం మీద చెయ్యేసి.

"ఇప్పుడు చూసిన" అన్న.

గడిల నా పేరు రాసిన. అచ్చరాలు గడి దాటి పక్క గడిలకు, ప్రెసిడెంటు సంతకం మీదికి పోయినయి. గుమాస్త సిరా ఆరేటందుకు ఊదిండు. లడీలకెల్లి ఒక పోగు తెంపుకొని బయటికి నడిచిన. నా ఎనుక మేనేజర్ కాయితం పట్టుకొని, ఆయన ఎనుక గుమాస్త గుండుసూదుల డబ్బా పట్టుకొని వస్తాండ్రు. నేను మొలకు దారం ముడేసిన. వాళ్లు ఇత్తడి తాళంల రెండో చెవి పెట్టి తిప్పుతాంటే, ఆ చెవి కొత్తది గద, జర మొరాయిచ్చింది.

ఎదురింటి అరుగు మీద అవ్వ కండ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది. వాళ్ల తాళం తెర్వకముందే సంచి దులుపుకుంట రోడ్డు దాటింది.